కుడివైపు గడియ

పక్కింటి పెద్దాయన తన మొక్కల్ని కంటితో చూడడు, వేలితో చూస్తాడు. ఆయన చూపుకి సరిగ్గా నడుమ మసక కమ్మింది. పక్కలవి కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది కనిపించదు. అందుకని పొలంలో వంగి, ఒక్కో ఓక్ మొక్క కాండం పట్టుకుని పైకి తడుముకుంటూ పోతాడు. కొసన మొగ్గ తగిలితే తరవాతి మొక్క దగ్గరికి వెళతాడు. జింక కొరికిన మోడు తగిలితే అక్కడే కాసేపు నిలబడిపోతాడు. కిందటేడు చలికాలం వెళ్లిపోతుండగా ఆయన వెంట నేనూ ఒక వరస నడిచాను. నడిచిన దానికంటే నిలబడిందే ఎక్కువ.

"వచ్చే చలికాలం కూడా ఇలాగే మేసేస్తే ఇంక నా వల్ల కాదమ్మాయ్. కలపకి స్ప్రూస్ చెట్లు వేసుకునే కంపెనీ వాళ్లకి పొలం ఇచ్చేస్తా," అన్నాడు. ఆయన ఇంగ్లీషుని నా చెవి ఎప్పుడూ ఇలా తెలుగులోనే దాచుకుంటుంది.

తుంటి ఆపరేషన్ అయ్యాక ఆవుల్ని అమ్మేసి, అవి మేసిన బీట్లో ఓక్, బర్చ్ మొక్కలు వేశాడాయన. జింక మూతికి అందనంత ఎత్తు పెరిగేదాకా వాటిని కాపాడుకోవాలి. గట్టు అవతల అడవి. పొద్దు వాలగానే జింకలు అక్కడి నుంచి దిగి, లేత కొసలు ఏరుకుని తింటాయి. కొస పోయిన మొక్క పొదలా గిడసబారిపోతుంది గానీ చెట్టు కాదు. ఇదివరకు ఆయనే తుపాకీతో కాపలా కాసేవాడు. చూపు పోతోందని డాక్టరు చెప్పగానే, ఎవరూ అడక్కముందే, తుపాకీ, లైసెన్సు తీసుకెళ్లి గార్డులకి, అంటే ఇక్కడి పోలీసులకి, అప్పగించి వచ్చాడు. ఊళ్లో కుర్రాళ్లు మేం కాలుస్తామంటే ఒప్పుకోలేదు. "వాళ్లకి జింక కనిపిస్తుంది గానీ, జింక వెనకాల ఏముందో కనిపించదు," అంటాడు.

మా ఆయనకి షానన్ దగ్గర వైద్య పరికరాల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి ఈ దేశంలో దిగిన కొత్తలో, ఎన్నిస్ చుట్టుపక్కల ఎంత తిరిగినా అద్దెకి ఇల్లు దొరకలేదు. ఈ పెద్దాయన, వాళ్లమ్మ ఉండి వెళ్లిన చిన్న ఇల్లు తెరిచి ఇచ్చాడు. లీజు కాగితం ఏదండీ అని మా ఆయన అడిగితే, "ముందు పొయ్యి వెలిగించుకోండి, పిల్ల వణుకుతోంది," అన్నాడు. ఆ పొయ్యి ముందు మోకరించి ఆ రాత్రి నేను చేసిన ప్రార్థనలో మాటలు తక్కువ. ఆ తరవాత ఏటా చలికాలంలో మా తలుపు పిడికి సంచీలో జింక తొడ వేలాడుతూ ఉండేది. నేను మిరియాలు దట్టించి వేపుడు చేసి పంపేదాన్ని. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా "గ్రాండ్, గ్రాండ్" అంటూ గిన్నె ఖాళీ చేసేవాడు.

అందుకే ఆ రోజు పొలంలో, స్ప్రూస్ కంపెనీ మాట ఆయన నోట విన్నప్పుడు, నా నోరు నాకంటే ముందు పలికింది. "నాకు నేర్పండి. నేను కాపలా కాస్తాను."

ఆయన నవ్వలేదు. ఇంటికొచ్చి చెబితే మా ఆయన నవ్వారు.

"బొద్దింక కనపడితే కుర్చీ ఎక్కుతావు. జింకని కాలుస్తావా?"

"జింక ఎగిరొచ్చి జడ మీద వాలదు కదండీ."

"డాడ్, లీవ్ హర్ అలోన్," అంది మా అమ్మాయి మెట్ల మీద నుంచి. "మామ్ విత్ అ రైఫిల్! దట్స్ క్లాస్, లైక్."

శిక్షణ తరగతికి వెళ్లొచ్చాను. తుపాకీ మూతి ఎటు ఉండాలి, గుండు ఎక్కడ ఆగాలి, ఎప్పుడు కాల్చకూడదు అనేవే ఎక్కువ నేర్పారు. మిగిలింది తుపాకీని ఎంచుకోవడం. ఇక్కడ లైసెన్సు మనిషికి ఇస్తే సరిపోదు, ఫలానా నంబరు తుపాకీకి అని ఇస్తారు. ముందు తుపాకీని ఖాయం చేసుకోవాలి, దుకాణం వాళ్లు దాన్ని పక్కన పెడతారు, లైసెన్సు వచ్చాక చేతికిస్తారు. ఎంపిక తప్పితే మళ్లీ మొదటికి. అప్పటికే వేసవి వచ్చేసింది. మరోసారి తిరిగే సమయం పెద్దాయన మొక్కలకి లేదు.

మా ఆయన ఇంజినీరు. మిక్సీ కొనడానికే నెల రోజులు చదివిన మనిషి. సాయంత్రాలు ఫోన్‌లో తుపాకీలు చూసి చూసి, చివరికి వాల్‌నట్ కర్ర పిడి ఉన్న ఒకదానితో ప్రేమలో పడ్డారు. "చూడవే, పెళ్లికూతురిలా ఉంది. సెకండ్ హ్యాండే, మనకి అందే ధరే."

పెద్దాయన మాట వేరు. "తుపాకీ చౌకదైనా పరవాలేదు, పైన బిగించే గురి చూసే అద్దం మాత్రం చౌకది వద్దు. పొద్దు గూకే వేళ చూసేది దాంట్లోంచే. తుపాకీ సంగతి మీ ఆయన్ని కాదు, నీ భుజాన్ని అడుగు."

నా భుజం అంటే ఎడమ భుజం. నేను ఎడమచేతి వాటం మనిషిని. చిక్కంతా అక్కడే మొదలైంది.

దుకాణం అంటే ఒక ఇంటి వెనక షెడ్డు. నడిపేది అరవై దాటిన ఆవిడ. కాళ్ల దగ్గర చిన్న కుక్క. నా రెండు అరచేతుల మధ్య సందు చేయించి, గోడ గడియారాన్ని అందులోంచి చూడమని, ఒక్కో కన్ను మూయించింది. "నీకు గురి కుదిరే కన్నూ ఎడమదే. ఇంక కుడి భుజానికి మార్చాలని చూడకు," అంది. ఎడమచేతి వాళ్లకి గడియ ఎడమవైపు పెట్టి చేసేవి ఉంటాయి గానీ తెప్పించాలంటే నెలలు పడుతుందట. ధర చెప్పాక మా ఆయన కుక్కని నిమరడం మొదలుపెట్టారు.

గడియ అని నేనే అంటున్నాను, వాళ్లు బోల్ట్ అంటారు. చూడగానే నాకు మా చిన్నప్పటి తలుపు గడియే గుర్తొచ్చింది. ఎత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, దించాలి. ప్రతి గుండుకీ అంతే. మామూలు తుపాకీకి అది కుడివైపు ఉంటుంది. ఎడమ భుజానికి ఆనించుకున్న మనిషి, మీట దగ్గర ఉన్న ఎడమ చేతిని తీసి, తుపాకీ మీదుగా అటు చాచి, గడియ వేసి, మళ్లీ వెనక్కి రావాలి. తరగతిలో నేను చేసింది ఆ పనే. ప్రతిసారీ తల లేచిపోయేది, గురి చెదిరేది.

మా ఆయన మెచ్చిన పెళ్లికూతురిని భుజానికెత్తుకున్నాను. చెంప ఆనే చోట కర్రని కుడిచేతి వాళ్లకి అనువుగా ఒక పక్కకే ఎత్తు పెట్టి చెక్కారు. నా చెంపకి ఆ ఆసరా లేదు. "అందంగా ఉంది కదే," అన్నారాయన జాలిగా. "మీరు మోసుకు తిరగండి," అన్నాను.

అప్పుడావిడ అడిగింది. "నువ్వు కూర్చుని కాల్చేది ఎక్కడి నుంచి?"

పొలం మూలన పెద్దాయన కట్టుకున్న కర్ర మంచె ఉందని, ముందు అడ్డకర్ర ఉంటుందని చెప్పాను.

"మరి తుపాకీ బరువు ఆ కర్ర మోస్తుంది కదా. నీ కుడి చెయ్యి ఖాళీయే." షెడ్డులోకెల్లా చౌకదైన ఒక నల్ల ప్లాస్టిక్ పిడి తుపాకీ తీసి, బల్ల మీద ఇసక సంచీకి ఆనించింది. మందు లేని ఉత్తుత్తి తూటా ఒకటి పెట్టింది. "ఎడమ చెయ్యి అక్కడే ఉంచు. గడియ పని కుడి చేతికి చెప్పు."

చెప్పాల్సిన పని లేకపోయింది. ఎత్తి, లాగి, తోసి, దించింది. తల కదల్లేదు. ఎడమ చెయ్యి ఉన్నచోటే ఉంది.

"ఇదెక్కడ నేర్చుకున్నావు?" అందావిడ.

అన్నం దగ్గర, అని ఎలా చెప్పను? మా నాన్న కాలవ లాకుల దగ్గర పనిచేసేవారు. క్వార్టర్సుకి బడి దూరం. నాకు అక్షరాలు నేర్పింది నానమ్మే. పది కూడా ప్రైవేటుగా కట్టాను. పలక మీద నా ఎడమ చెయ్యి కదిలినప్పుడు నానమ్మ దాని మీద ఒక్క దెబ్బ వేయలేదు. "రాతకి ఏ చెయ్యైనా దేవుడిచ్చిందే. అన్నానికి మాత్రం కుడి చెయ్యి తల్లీ, నలుగురిలో తినేటప్పుడు మాట పడకూడదు," అనేది. అలా నా చేతులు రెండూ చిన్నప్పుడే పని పంచుకున్నాయి. ఎడమ చేత్తో రాస్తూనే కుడి చేత్తో ముద్ద కలుపుకునేదాన్ని, ఏ చేతినీ చూడకుండా. ఆ షెడ్డులో, ఆ ఇనప గడియ మీద నా కుడి చెయ్యి చేసింది ముద్ద కలిపే పనే.

చౌక పిడికి ఏ చెక్కుడూ లేదు, రెండు పక్కలా ఒకటే. నా చెంప దాని మీద హాయిగా కుదురుకుంది. మా ఆయన ధర చీటీ తిప్పి చూసి, మళ్లీ చూసి, "ఇదేనా? నిజంగా ఇదేనా?" అన్నారు. మిగిలినదాంట్లో మంచి అద్దం వచ్చింది. కారెక్కే ముందు ఎవరికీ వినపడకుండా నానమ్మ కోసం దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

గార్డు ఒకరు వచ్చి, తుపాకీ దాచడానికి గోడకి బిగించుకున్న ఇనప పెట్టె లాగి చూసి, టీ తాగి వెళ్లారు. లైసెన్సు ఆకులు రాలేటప్పటికి వచ్చింది.

మంచె మీద పెద్దాయన నా పక్కనే కూర్చునేవాడు. నేను ఆయనకి కళ్లు, ఆయన నాకు చెవులు. "గట్టు దిగుతోంది," అని గుసగుసలాడిన చాలాసేపటికి గానీ నాకు కనిపించేది కాదు. మొదటి సాయంత్రం ఆడజింక ఒకటి గట్టు నెత్తిన, వెనక ఆకాశం తప్ప ఏమీ లేని చోట నిలబడింది. నేను వేలు దూరంగా ఉంచేశాను. "ఏం కనిపించింది?" అన్నాడు. "జింక. దాని వెనకాల ఏమీ లేదు," అన్నాను. ఆయన నా భుజం తట్టాడు. ఖాళీ చేతులతో ఇంటికెళ్లాం.

తరవాత ఒక రోజు, వాలులో, వెనక మట్టి గట్టు ఉన్న చోట ఇంకొకటి ఆగింది. కోడిని కోసే ముందు నానమ్మ ఒక క్షణం కళ్లు మూసుకునేది. నేను మూసుకోలేను కాబట్టి మనసులోనే ప్రార్థించుకున్నాను. పేలాక, నేర్పినట్టే, తల ఎత్తకుండా కుడి చేత్తో గడియ వేశాను. రెండో గుండు అక్కర్లేకపోయింది. ఆ ఏడు సంచీ ఆయన తలుపు పిడికి నేను వేలాడదీశాను.

ఆ చలికాలమంతా వీలున్న ప్రతి సాయంత్రం మంచె ఎక్కాం. రానురాను జింకలు ఆ పొలం వైపు దిగడం తగ్గించాయి.

ఇప్పుడు వసంతం. నిన్న ఆయన వెంట మళ్లీ అదే వరస నడిచాను. ఆయన వంగి, కాండం పట్టుకుని, వేలు పైకి జరిపాడు. మెత్తగా ఏదో తగిలింది కాబోలు, వేలు అక్కడే కాసేపు ఆడించాడు. తరవాతి మొక్క. ఆ తరవాతిది. ఒకటి రెండు చోట్ల ఆగాడు, లేదనను. మిగతా వరసంతా ఆయన వెనక నేను దాదాపు పరుగు పెట్టాల్సి వచ్చింది.

"కాస్త నెమ్మదిగా నడవండి," అన్నాను.

"నువ్వే వెనకబడుతున్నావమ్మాయ్," అన్నాడు, అప్పటికే ఇంకో మొక్క మీదికి వంగుతూ.