భీమేశ్వరరావు గారి బనియన్లు

భీమేశ్వరరావు గారు ఆ ఉదయం మాదాపూర్ ఆఫీసుకు కొత్త నూలు బనియన్ తెచ్చారు. తొడుక్కోవడానికి కాదు, పాతిపెట్టడానికి. మట్టి కనబడితే ఆయన చేతులు ఊరుకోవు. జానెడు లోతు తవ్వి, బనియన్ పెట్టి పూడ్చి, రెండు నెలలాగి బయటికి తీస్తారు. పీలికలైతే మురిసిపోతారు. "చూశారా, మట్టిలో ప్రాణం ఉంది! సూక్ష్మజీవులు సుష్టుగా భోంచేశాయి" అంటారు.

ఆఫీసు ముందు పచ్చిక తవ్వుతుంటే సెక్యూరిటీ రవీందర్ పట్టుకున్నాడు.

"ఏంది సార్ గిది?"

"బనియనయ్యా."

"గది కనబడుతనే ఉన్నది. ఇంట్ల ఆరేసుకునెతందుకు జాగ లేదా?"

పుప్పాలగూడ ఫ్లాటులో ఆయన భార్య పుణ్యవతి గారి గోడు వేరు. "కరివేపాకు కుండీలో కూడా పెట్టేశారండీ! దండెం మీద కంటే మట్టిలోనే ఎక్కువున్నాయి."

వ్యవసాయశాఖలో రిటైరయ్యాక ఆయన, పొలాలకు సెన్సర్లు అమ్మే ఆ కంపెనీలో సలహాదారుగా చేరారు. సెన్సర్ తయారు చేసింది అక్కడి ఇంజనీరు నీహారిక. మట్టిలో తేమ, ఎరువు ఎంతున్నాయో అది ఫోనుకు చెబుతుంది. శంకర్‌పల్లి దగ్గర లింగమూర్తి పొలంలో అంతా సరిగ్గా ఉందని చెబుతూనే ఉంది. టమాటా మాత్రం మోకాలు దాటలేదు.

"నీ డబ్బా అబద్ధాలాడుతంది బిడ్డా" అన్నాడు లింగమూర్తి.

చూడటానికొచ్చిన మేనేజర్ అవినాష్, ఈ సెన్సర్‌ను ఇక ఆపేద్దామని పొలంలోనే తేల్చేశాడు. నీహారిక రెండేళ్ల కష్టం అది.

వాళ్ల వెంట వచ్చిన భీమేశ్వరరావు గారు పలుగు అందుకున్నారు.

"సార్, ఇప్పుడు కూడా బనియనేనా?" అవినాష్ తల పట్టుకున్నాడు.

సెన్సర్ పక్కన తవ్వితే బనియన్ చెక్కుచెదరకుండా వచ్చింది. ఉతికితే పెళ్లికి వేసుకెళ్లొచ్చు. పశువుల కొట్టం పక్క మడిలో తవ్వితే కుట్టుదారాలే మిగిలాయి. అక్కడి సెన్సరూ అవే లెక్కలు చూపుతోంది. టమాటా మాత్రం నడుమెత్తు పెరిగింది.

"సెన్సర్ తప్పు చెప్పలేదు. నీళ్లున్నాయి, ఎరువుంది. వేళ్లకు అందించే జీవులే లేవు. పురుగుమందుల దెబ్బకు పోయాయి. కొట్టం పక్కన పేడ తిని బతికాయి" అన్నారాయన.

"ఇవెప్పుడు పాతారండీ?" అడిగింది నీహారిక.

"నువ్వు సెన్సర్ బిగించిన రోజేనమ్మా. బిగించిన ప్రతిచోటా ఒకటి పెట్టాను. పంటలో తేడా వస్తే అందరూ ముందు నీ మీదే పడతారు కదా."

"ఆఫీసు పచ్చికలో?"

"నువ్వు కొత్త సెన్సర్ పరీక్షిస్తున్నది అక్కడేగా!"

"మరి కరివేపాకు కుండీ?"

"అది నా సరదా."

అవినాష్ వంగి, సెన్సర్ మీది మట్టి తనే తుడిచాడు.

"ఉండనీ బిడ్డా" అన్నాడు లింగమూర్తి. "నీళ్ల సంగతి గది చెప్తది. మట్టి సంగతి నేను జూస్త."

ఆ వారమే అతను టమాటా పీకేసి, పశువుల ఎరువు తోలించాడు. పూతకొచ్చాక మట్టిలో జీవులకు మేతగా కలియదున్నడానికి ఎకరానికి పన్నెండు కిలోల జీలుగ విత్తనాలు చల్లాడు.