గేటు బయట పులిహోర

మా అమ్మాయికి పదేళ్లప్పుడు ఒక మాటిచ్చాను. ఏడాదంతా మానకుండా ఈత క్లాసులకు వెళ్తే వేసవిలో టొరంటో తీసుకెళ్లి బేస్‌బాల్ మ్యాచ్ చూపిస్తానని. అది ఒక్క క్లాసూ మానలేదు. జూన్‌లో నా ఉద్యోగమే పోయింది.

ఈ సంగతి నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. టొరంటో పక్కన మేముండే మిల్టన్‌లో మా వరసలో సగం ఇళ్లు తెలుగువాళ్లవే. రోజూ పొద్దున్నే బ్యాగు తగిలించుకుని బయల్దేరి, లైబ్రరీలో కూర్చుని ఉద్యోగాలకు అప్లై చేసేవాణ్ణి. పిల్లకు అసలు తెలియకూడదని నా పంతం. నేను పెరిగిన ఇంట్లో పిల్లల ముందు పెద్దవాళ్లు ‘లేవు’ అనేవాళ్లు కాదు. బియ్యం అయిపోయినా నిండుకున్నాయనే అనేవాళ్లు. ఆ పెంపకం ఎక్కడికి పోతుంది?

మ్యాచ్ మానడానికి లేదు, ఖర్చు పెట్టడానికీ లేదు. వారం మధ్యలో, పెద్దగా పేరులేని జట్టు వచ్చిన రోజు చూసి, అన్నిటికంటే పైవరసలో టికెట్లు కొన్నాను. పైనుంచైతే గ్రౌండ్ మొత్తం కనిపిస్తుందని దానికి గొప్పగా చెప్పాను. డౌన్‌టౌన్‌లో పార్కింగ్ దండగ, రైల్లో పోతే సరదా అన్నాను. జట్టు టోపీ అడిగితే, అది పెట్టుకుంటే జుట్టు రాలుతుందని ఏదో సైన్సు చెప్పాను. తిండి ఇంటినుంచి తెచ్చుకోవచ్చని ఆన్‌లైన్‌లో చదివాను. అంతవరకే చదివాను. నా భార్య పులిహోర కలిపి, పెళ్లికి పుట్టింటివాళ్లు తన పేరు చెక్కించి ఇచ్చిన స్టీలు డబ్బాలో పెట్టి డ్యూటీకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం మ్యాచ్‌కు మేమిద్దరం పొద్దుటి రైల్లోనే వెళ్లి, ఆట వేళదాకా ఊళ్లో తిరిగాం. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన డబ్బా పైకెత్తి చూశాడు. తిండి పరవాలేదు గానీ లోహపు డబ్బాలు కుదరవని మర్యాదగానే చెప్పి, చెత్తబుట్ట వైపు చూపించాడు.

పారేసి లోపల హాట్‌డాగ్ కొనుక్కుందామంది మా అమ్మాయి. లోపలి తిండి మంచిది కాదన్నాను. కడుపునొప్పి వస్తుందన్నాను. వెనక క్యూ పెరుగుతోంది. లోపల ఆటకు ముందు పాడే జాతీయగీతం మొదలైంది. నా మీద నాకే ఒళ్లు మండి దాని మీద అరిచాను. అది తిరిగి అరవలేదు. నన్ను పక్కకు లాగి మెల్లగా అడిగింది.

“డాడీ, జస్ట్ టెల్ మీ. మనకి మనీ లేదా?”

అంత సూటిగా నన్నెవరూ అడగలేదు.

“లేదమ్మా,” అన్నాను. “నాకు జాబ్ పోయింది.”

చెప్పగానే ఏడుపొచ్చింది. బరువు దించుకున్నట్టూ అనిపించింది. అది ఫుట్‌పాత్ అంచున కూర్చుని డబ్బా మూత తీసింది.

“ఓకే. ఇక్కడే తినేద్దాం.”

ఇద్దరం ఒకే డబ్బాలో చేతులు పెట్టి తిన్నాం. లోపల జనం అరిచినప్పుడల్లా ఏం జరిగి ఉంటుందో అది ఊహించి చెప్పేది. ఖాళీ డబ్బాను కూడా రానివ్వరు కాబట్టి, బయట తిండి బండి పెట్టుకున్నావిడను మా అమ్మాయే అడిగి, ఆవిడ దగ్గర దాయించింది. మేం పైకెక్కేసరికి తొమ్మిదింట్లో మూడో ఇన్నింగ్స్ నడుస్తోంది. ఆటగాళ్లు చీమల్లా కనిపిస్తున్నారు. అది నా భుజానికి ఆనుకుని రూల్స్ చెబుతుంటే ఒక్కటీ అర్థం కాకపోయినా తలూపాను. అంత సంతోషంగా గడిచిన మధ్యాహ్నాలు నా జీవితంలో ఎక్కువ లేవు.

అక్టోబర్‌లో మార్కమ్‌లో ఉద్యోగం దొరికింది. ఆ ఏడు పుట్టినరోజుకు ఏం కావాలని అడిగితే “ఐయామ్ గుడ్, డాడీ” అంది, ఏమీ వద్దన్నట్టు. బుద్ధిమంతురాలని మురిసిపోయాను. మరుసటి ఏడూ అదే మాట. డబ్బు కట్టాల్సిన స్కూల్ ట్రిప్ కాగితాలు గడువు దాటాక దాని బ్యాగులో దొరికేవి. టోపీ కోసం రెండు రోజులు అలిగిన పిల్ల మళ్లీ నన్ను ఏదీ అడగలేదని గమనించడానికే నాకు చాలా ఏళ్లు పట్టింది.

నిరుడు వేసవిలో మళ్లీ తీసుకెళ్లాను. ఇప్పుడది ఉద్యోగం చేస్తోంది. ఈసారి గ్రౌండ్ పక్కనే సీట్లు తీసుకున్నాను. తిండి కౌంటర్ దగ్గర, ఏం కావాలన్నా తీసుకోమన్నాను. అది బోర్డు వైపు చూడను కూడా లేదు. తనకు ఆకలిగా లేదని, నన్ను తినమని చెప్పింది.

“ఏదో ఒకటి అడగమ్మా,” అన్నాను. నా గొంతు నాకే బతిమాలుతున్నట్టు వినిపించింది.

అది నవ్వి నా చెయ్యి పట్టుకుంది. కౌంటర్ అమ్మాయి ఎదురుచూస్తోంది. నేను కార్డు పట్టుకుని అలాగే నిలబడ్డాను.