ఔట్‌వర్డ్ పుస్తకంలో లేని మెయిల్

ఈ ఉదయం ఫోన్ తెరిచేసరికి నా చిరునామా నుంచే నాకు ఒక మెయిల్ వచ్చి ఉంది. నీ గుట్టంతా నా దగ్గరుంది, చెప్పినట్టు వినకపోతే నీవాళ్లందరికీ పంపుతాను అని, నన్ను నేనే బెదిరించుకుంటున్నట్టుగా. ఫోనే దాన్ని దొంగ మెయిళ్లలో పడేసింది కాబట్టి తుడిచేశాను గానీ చేతిలోని చాయ్ మాత్రం చల్లారిపోయింది. ఎందుకంటే ఇలాంటి మెయిల్ వల్లనే, కొత్త రాష్ట్రం రావడానికి ఏడెనిమిదేళ్ల ముందు, నేను ఒక మనిషిని పోగొట్టుకున్నాను.

ఆ మనిషి మా షడ్డకుడు, అంటే మా ఆవిడ చెల్లెలి భర్త. అప్పట్లో నేను నాచారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసేవాణ్ణి. అతను ఉప్పల్‌లో ఉంటూ ఒక పరిశోధన సంస్థలో పనిచేసేవాడు. వయసులో నాకన్నా ఆరేళ్లు చిన్న. అయినా ఫ్రిజ్ ఏది కొనాలన్నా, పిల్లలు ఏ కోర్సు చదవాలన్నా, మామగారి కంటి ఆపరేషన్ ఏ దవాఖానాలో చేయించాలన్నా మా అత్తగారు "చిన్నల్లుణ్ణి అడుగున్రి" అనేవారు. పెద్దల్లుణ్ణి నేను ఆ పక్కనే కూర్చుని అరటిపండు ఒలుచుకుంటూ ఉండేవాణ్ణి. ఆ మాట విన్న ప్రతిసారీ ఇంటికొచ్చి డైరీలో రాసుకునేవాణ్ణి.

నాకు మెయిల్ ఖాతా తెరిపించింది కూడా అతనే, ఉప్పల్ రింగురోడ్డు దగ్గరి ఇంటర్నెట్ సెంటర్‌లో. స్టోర్స్ అలవాటు కొద్దీ మెయిళ్లకు కూడా ఇన్‌వర్డ్, ఔట్‌వర్డ్ అని రెండు పుస్తకాలు పెట్టి, వచ్చింది ఒకదాంట్లో, పంపింది ఇంకోదాంట్లో నంబరు వేసి ఎక్కించేవాణ్ణి. ఒకరోజు నా పేరుతో, నా చిరునామా నుంచే, 'నీ సంగతంతా నాకు తెలుసు' అని ఇంగ్లీషులో ఒక ఉత్తరం వచ్చింది. ఔట్‌వర్డ్ పుస్తకం మొదటి పేజీ నుంచి వెతికాను. అలాంటిది నేను పంపినట్టు లేదు. మరి నా పాస్‌వర్డ్ తెలిసినవాడే పంపి ఉండాలి, ఖాతా తెరిచిన రోజు నా పక్కన ఉన్నది అతనొక్కడే. నా డైరీలు కూడా ఎప్పుడో చూశాడని, నా కుళ్లు కనిపెట్టి ఆటపట్టిస్తున్నాడని తీర్మానించుకున్నాను.

ఆదివారం ఆ మెయిల్ ప్రింటు పట్టుకుని వాళ్లింటికి పోయాను. అతను కాగితం చూసి పకపకా నవ్వాడు.

"అన్నా, కవరు మీద పంపినోని పేరు ఎవడేదన్నా రాస్తడు. గిది గూడ గంతే. జర కూసో, చాయ్ తాగు."

"నాకు కవర్ల సంగతి నేర్పకు తమ్మీ. ఖాతా తెరిపిచ్చింది నువ్వు, పంపింది గూడ నువ్వే."

చాయ్ గ్లాసులతో వస్తున్న మా మరదలు గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏంది బావా గా మాటలు? దొంగ ఉత్తరాలు రాసుకుంట కూసునేటందుకు ఈయనకు వేరే పనిలేదా?"

"ఉన్న తెలివంతా యాడనో ఒకకాడ వాడాలె గద," అన్నాను.

అతని నవ్వు ఆగిపోయింది. "నేనంటే నీకు గింత మంట ఉన్నదని నాకు ఎర్కలేకుండె అన్నా," అన్నాడు. అంతే, మళ్లీ కూర్చోమనలేదు.

ఇంటికొచ్చి, ఆధారం దొరుకుతుందని ఖాతా తెరిచిన రోజు డైరీ తీశాను. నా చేతిరాతే: "పాస్‌వర్డ్ నన్నే పెట్టుకొమ్మని లేచి బయటికి పోయినాడు. అయిందని పిలిచేదాకా రోడ్డు వైపు తిరిగి నిలబడినాడు. మర్యాదలో కూడా నాకన్నా ఒక మెట్టు పైనే ఉండాలి ఇతనికి."

మర్నాడే పోయి ఈ పేజీ అతనికి చూపిస్తే సరిపోయేది. కానీ ఆ చివరి వాక్యం ఎలా చూపించను? ఆ తర్వాత పెళ్లిళ్లలో, పేరంటాల్లో కనబడితే నమస్తే పెట్టేవాడు, పక్కన మాత్రం కూర్చునేవాడు కాదు.

ఇప్పుడు అతనూ రిటైరై నాగోల్‌లో ఉంటున్నాడు. కాలనీలోని ముసలివాళ్లను ఒక్కొక్కరినే పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్ వాడటం నేర్పిస్తున్నాడని మా ఆవిడ చెప్పింది. ఆ రోజుల్లో ఒక మెయిల్ అర్థం కావాలంటే బస్సెక్కి ఒక మనిషి ఇంటికి పోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఫోనే చెప్పేస్తోంది, ఎవరింటికీ పోయే పని లేదు. అతని ఉద్యోగమూ, తెలివీ, అత్తగారి దగ్గర పలుకుబడీ ఏవీ ఇప్పుడు నన్ను బాధించడం లేదు. నాగోల్‌లో అతని పక్క కుర్చీలో కూర్చుని, ఒకే సంగతిని నాలుగుసార్లు అడిగి చెప్పించుకుంటున్న ఆ ముసలివాళ్లను తలుచుకుంటే మాత్రం కడుపు మండుతోంది.