టెస్సీ ఆంటీ ముంగో, అమ్మ మునగ మొక్క

మా చిన్నప్పుడు శాన్ రామన్‌లో స్కూలు మూడింటికి అయిపోయేది... అమ్మా నాన్నా ఆఫీసుల నుంచి వచ్చేసరికి ఆరు. ఆ మూడు గంటలూ నేను పక్కింటి టెస్సీ ఆంటీ వంటింట్లో ఉండేదాన్ని.

ఆంటీది ఫిలిప్పీన్స్. వంకాయని తొడిమతో సహా మంట మీద కాల్చి, తొక్క తీసి, ఫోర్కుతో చదును చేసి, గుడ్డు సొనలో ముంచి వేయించి పెట్టేది. గుడ్డు సంగతి మా ఇంట్లో ఎవరూ అడగలేదు... నేనూ చెప్పలేదు.

శుక్రవారం మాత్రం ముంగో. అంటే మన పచ్చ పెసలే. మెత్తగా ఉడికించి, వెల్లుల్లి, ఉల్లిపాయ, టమాటా వేయించి కలపడం. ఎండు రొయ్యలు కూడా వేస్తారట, నాకోసం మానేసేది. చివర్లో స్టవ్ ఆపేసి గుప్పెడు మునగాకు... కారం లేదు, పోపు లేదు. అయినా అన్నంలో కలుపుకుంటే కమ్మగా ఉండేది.

ఆ మునగాకు మా పెరట్లోది. అమ్మ గింజ నాటి కుండీలో పెంచింది. చలికాలం వస్తే కుండీ గరాజ్‌లోకి, ఎండలొస్తే బయటికి... మూడేళ్లు నాన్నే లాగాడు. అమ్మకి కావలసింది కాయలు. ఫ్రోజెన్ మునక్కాయల్లో పీచు తప్ప ఏముందని పులుసు చేసినప్పుడల్లా సణిగేది. ఆంటీకి కావలసింది ఆకు. వారానికో రెమ్మ అమ్మే కోసి ఇచ్చేది, కాస్త గొణుక్కుంటూనే.

నా తొమ్మిదో ఏట ఆ మొక్క మొదటిసారి మొగ్గ తొడిగింది.

"కాయలొచ్చేదాకా దాన్ని ఎవ్వరూ టచ్ చేయొద్దు" అంది అమ్మ.

ఆ శుక్రవారం ఆంటీ ముంగోలో పాలకూర వేస్తానంది. నాకు పాలకూర వద్దు... గబగబా మా పెరట్లోకి వెళ్లి లేత కొమ్మలన్నీ విరిచి తెచ్చాను. లేత ఆకున్నచోటే మొగ్గలూ ఉంటాయని ఆలోచించలేదు.

"మమ్మీ ఓకే అందా?" అని అడిగింది ఆంటీ. ఊ అన్నాను. ఇద్దరం కూర్చుని ఆకు దూశాం.

ఆరింటికి అమ్మ వచ్చింది. టేబుల్ మీద ఉత్త పుల్లలు, రాలిన మొగ్గలు.

"హూ డిడ్ దిస్?" అంది.

నేను మెల్లగా ఆంటీ వెనక్కి జరిగాను. ఆంటీ నావైపు ఒకసారి చూసి, "ఐ డిడ్. సారీ... మై మిస్టేక్" అంది.

"ఇట్స్ ఓకే" అంది అమ్మ. సోమవారం నుంచి నన్ను స్కూల్లోనే ఆఫ్టర్‌కేర్‌లో వేసింది. నేను నోరు విప్పి ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. రెండేళ్లకి ఆంటీ ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్లిపోయింది.

ఇప్పుడు నేను హెర్న్‌డన్‌లో ఉంటున్నాను. మొన్న అమ్మ వచ్చినప్పుడు ముంగో చేశాను. మారు వడ్డించుకుంది. అదే అదను అనుకుని చెప్పేశాను.

"అమ్మా, ఆ రోజు మునగ విరిచింది నేను. ఆంటీ కాదు."

"తెలుసు. అప్పుడే తెలుసు."

"మరి ఆంటీ దగ్గరికి ఎందుకు మాన్పించావ్?"

అమ్మ అన్నం కలపడం ఆపింది.

"తప్పు చేసి, నన్ను చూసి భయపడి, ఆవిడ వెనక దాక్కున్నావే... నువ్వు ఆవిడ పిల్లవైపోయావనిపించింది. తట్టుకోలేకపోయానే."

నాకు బాధగా అనిపించింది... అమ్మ కోసమో, ఆంటీ కోసమో తెలియదు.

ఇప్పుడు మునగాకు ఏ ఇండియన్ స్టోర్‌లోనైనా దొరుకుతోంది. పిల్లల్ని పక్కింట్లో వదిలి ఆఫీసుకి వెళ్లడం మాత్రం ఎక్కడా కనిపించడం లేదు. మా పక్కింటివాళ్ల పేరు కూడా నాకు తెలియదు...

మీకు చిన్నప్పుడు ఇలా వండిపెట్టిన పక్కింటి ఆంటీ ఉంటే కామెంట్లలో రాయండి. ఆవిడ ఫోన్ నంబర్ మీ దగ్గరుంటే మాత్రం, ముందు ఆవిడకే చెప్పండి.

నా దగ్గర లేదు.