బావకు జూలై కావాలి

బుకింగ్ ఆఫీసులో పన్నెండేళ్లుగా కూర్చుంటున్నాను. ఎడారి ఒడ్డున, సముద్రాన్ని ఆనుకుని, అద్దాలతో కట్టిన ఆ మహానగరానికి నా చేతి మీదుగా వెళ్లినవాళ్లకు లెక్కలేదు. అందరూ అడిగేది డిసెంబరో జనవరో. జూలై కావాలన్న మనిషిని ఒక్కణ్ణే చూశాను. ఆ ఒక్కడూ మా అక్క మొగుడు కావడం నా ఖర్మ.

జూలైలో అక్కడ రోడ్డు మీద నిలబడితే మాడిపోతావని చెప్పాను. ఎంత ఉంటుందని అడిగాడు. నలభై ఆరు, ఒక్కోరోజు నలభై ఎనిమిది అన్నాను. భయపడతాడనుకుంటే మొహం విప్పారింది.

బావ పనిచేసేది కోల్డ్ స్టోరేజీలో. సున్నాకి ఇరవై డిగ్రీలు కింద చేపలు, బఠాణీలు, ఐస్‌క్రీమ్ పెట్టెలు సర్దుతాడు. ఇరవై నిమిషాలు లోపల, పది నిమిషాలు బయట. గంట కొడితే వెళ్లాలి, గంట కొడితే రావాలి. పంతొమ్మిదేళ్లుగా ఇదే వరస. తోటివాళ్లు పెట్టిన పేరు మంచుబాబు. మండు వేసవిలో కూడా ఇంట్లో మేజోళ్లు విప్పడు. టీ అడిగేది తాగడానికి కాదు, గ్లాసు పట్టుకోవడానికి.

అక్కది దీనికి తలకిందులు వ్యవహారం. హోటళ్ల దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఆవిరి ఇస్త్రీ యంత్రం ముందు ఎనిమిది గంటలు నిలబడుతుంది. మోచేతుల దాకా కాలిన మచ్చలే. ఇంటికి రాగానే బకెట్లో చన్నీళ్లు నింపుకుని అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుంటుంది. ఆమె ఫ్యాను వేస్తే ఆయన ఆపుతాడు. అలాగని వాళ్లు పోట్లాడుకున్నదీ లేదు. పోట్లాడుకోవడానికైనా ఇద్దరూ ఒకచోట ఉండాలి కదా! ఆమె డ్యూటీ తెల్లవారుజామున అయిదు నుంచి ఒంటిగంట దాకా, ఆయనది రెండు నుంచి పది దాకా. ఆయన ఇల్లు చేరేసరికి ఆమె నిద్రలో ఉంటుంది. ఆమెకు సోమవారం సెలవు, ఆయనకు గురువారం. మధ్యాహ్నం ఓ ఇరవై నిమిషాలు గుమ్మంలో ఎదురుపడతారు. ఇంటి తాళం చేతులు మారుతుంది, అంతే.

ఈ ప్రయాణం మాట ఎత్తింది అక్కే. లాండ్రీలో తోటి ఆవిడ ఆ నగరం వెళ్లొచ్చి ఫొటోలు చూపించిందట. గుమ్మంలో చెప్పులు విప్పుతూ, పెళ్లయ్యాక మనిద్దరం ఎక్కడికీ వెళ్లలేదు కదండీ అందట. ఆ ఒక్క మాటకే బావకు నిద్ర పట్టడం మానేసింది.

మర్నాటి నుంచి కాలుగాలిన పిల్లిలా నా చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. నేను షట్టర్ ఎత్తకముందే మెట్ల మీద ఉండేవాడు. హోటలు గదికి ఎండ ఏ వైపు నుంచి పడుతుంది? ఇసకలో చెప్పులు లేకుండా ఎంతసేపు నిలబడొచ్చు? సముద్రం నీళ్లు కూడా వెచ్చగా ఉంటాయా? కుర్చీలో కూర్చునేవాడు, లేచేవాడు, గోడ మీది పటం దగ్గరికెళ్లి ఆ ఊరిని వేలితో తడిమేవాడు, మళ్లీ వచ్చి కూర్చునేవాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది ఈయన వరస అని విసుక్కున్నాను. టిక్కెట్లకు వచ్చినవాళ్లు ఆయన్ని చూసి పక్క ఆఫీసుకి పోతున్నారు మరి.

ఇంతలో అక్క ఫోను. జూలై అని విన్నదట. ఏ వేడి నుంచి పారిపోదామనుకుందో మళ్లీ అందులోకే తీసుకెళ్తాడా, తను రానంటే రానంది. నేను సర్దిచెప్పాను. అక్కడ బయట నిప్పులు కురిసినా లోపల అంతా చలే, మాల్స్ చల్లన, బస్సులు చల్లన, ఆఖరికి బస్టాపులు కూడా చల్లనే అన్నాను. అక్క మెత్తబడింది. నేను గెలిచాననుకుని అదే సంగతి బావకు చెప్పాను.

"లోపల ఎంత ఉంటుంది?" అన్నాడు.

పద్దెనిమిది అన్నాను. ఆయన కుర్చీలో కూలబడిపోయాడు. తల ప్రాణం తోకకొచ్చి, అయితే మానెయ్యి బావా, పోయేదేముంది అన్నాను.

"మీ అక్క నన్నేదైనా అడగడం ఇదే మొదలురా. ఇది కూడా చెడగొట్టానంటే ఇంకెప్పుడూ అడగదు."

అంతవరకూ ఈ మనిషిని వేళాకోళం చేస్తున్నందుకు సిగ్గేసింది.

వారం రోజుల తర్వాత ఎవరితోనో డ్యూటీ మార్చుకుని, సాయంత్రం అక్కను వెంటబెట్టుకుని వచ్చాడు. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి నా బల్ల మీద పరిచాడు. స్కేలుతో గీసిన గళ్లు. పైన ఒకవైపు 'లోపల', ఇంకోవైపు 'బయట'. కోల్డ్ స్టోరేజీ గోడ మీద వేలాడే డ్యూటీ చార్టు ఎలా ఉంటుందో అచ్చం అలాగే. పది నుంచి ఒంటిగంట దాకా అక్క మాల్‌లో, బావ బీచిలో. సాయంత్రం అక్క సినిమా హాల్లో, బావ హోటలు మేడ మీద. అయిదు రోజులు, గంట గంటకీ రాశాడు. ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు.

ఎవరికీ ఇబ్బంది లేకుండా కుదిరిందని ఆయన మురిసిపోయాడు. ఉన్నమాట చెప్పాలి, నేనూ భలే అన్నాను. ఇంత తేలిక ఉపాయం నాకెందుకు తట్టలేదా అనుకున్నాను.

అక్క మాత్రం కాగితాన్ని పైనుంచి కిందికి రెండుసార్లు చదివింది. ఒక గడి దగ్గర ఆమె వేలు ఆగింది. ఒంటిగంట నుంచి ఒంటిగంటా ఇరవై, ఇద్దరూ, మాల్ గుమ్మం దగ్గర.

"మనం రోజూ ఇంట్లో చేస్తున్నది ఇదేగా. దీనికి విమానం ఎందుకండీ?"

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు, పాపం ఆయన సెలవులోకి కూడా డ్యూటీని మోసుకొచ్చాడు. లోపల చల్లన, బయట వేడి అని ఆ దారి చూపించింది నేనే.

బావ కాగితం తిరగేశాడు. నా బల్ల మీది పెన్ను తీసుకున్నాడు.

"సరే, ఇద్దరం కలిసి ఏం చేద్దామో నువ్వు చెప్పు. రాస్తాను."

అక్క నాకేసి చూసింది. ఆ ఊళ్లో చూడాల్సిన నూటపది చోట్లు నిద్రలో లేపి అడిగినా గడగడా చెప్తాను. ఆ క్షణంలో ఒక్కటీ నోటికి రాలేదు.

"నాకూ తెలీదండీ. ఎప్పుడైనా కలిసి ఉంటే కదా తెలిసేది," అంది అక్క.

ఇద్దరూ లేచి వెళ్లిపోయారు. ప్రయాణం మునిగిందనే అనుకున్నాను. అయినా మనసు ఊరుకోక మర్నాడు వీసా ఫారాల మీద సంతకం వంకతో కోల్డ్ స్టోరేజీకి వెళ్లాను. అప్పుడే గంట కొట్టినట్టుంది, బావ ఇంకా చలికోటు కూడా విప్పకుండా సూపర్‌వైజర్ బల్ల ముందు నిలబడి ఉన్నాడు. సెలవు చీటీ ఇచ్చాడు. వచ్చే సోమవారం, అక్కకు సెలవున్న రోజు, ఆ ఒక్కరోజుకే.

ఎడారి ప్రయాణం సంగతి అక్కడ అందరికీ తెలుసు. సూపర్‌వైజర్ చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అయిదు రోజులన్నావుగా. ఒక్కరోజులో ఎక్కడికెళ్లొస్తావయ్యా?"

"ఇంటికండీ," అన్నాడు బావ.