పెప్పర్ పొట్టపట్టీ, నా జాలిగుండె

గుర్రం మీంచి పడ్డవాళ్ళు లోకంలో బోలెడుమంది. దౌడు తీస్తున్న గుర్రం మీంచి పడితే చెప్పుకోవడానికి కాస్త గౌరవంగానైనా ఉంటుంది. నేను పడ్డ గుర్రం ఒక్క అడుగు కూడా వేయలేదు. కళ్ళు సగం మూసుకుని నిలబడి ఉంది. నేనే జీనుతో సహా, మా అత్తగారు కుట్టిన బొంతతో సహా, మావారి కెమెరా సాక్షిగా, గడియారంలో ముల్లులా పన్నెండు దగ్గర బయల్దేరి మూడు మీదుగా నేలకి చేరాను. ఎంత నిదానంగా చేరానంటే, దారిలో మావారితో కాసేపు మాట్లాడాను కూడా. పరువు ఎలాగూ పోయింది కాబట్టి అది ఎలా పోయిందో వివరంగానే చెబుతాను.

అప్పుడు 2008. న్యూజెర్సీలోని పిస్కాటవేలో ఉండేవాళ్ళం. నేను ఒక మందుల కంపెనీలో రోజంతా కుర్చీకి అతుక్కుని అంకెలు చూసే ఉద్యోగం చేసేదాన్ని. నలభై నిండగానే నా నడుం మొరాయించింది. డాక్టరు నన్ను అటూ ఇటూ వంచి చూసి, "మీకు ఇష్టమైన వ్యాయామం ఏదో ఒకటి మొదలుపెట్టండి," అన్నాడు. నాకు ఇష్టమైన వ్యాయామం అంటూ ఏదీ లేదు. కానీ ఆఫీస్‌కి వెళ్ళే దారిలో, పొలాల పక్కన 'వెస్టర్న్ రైడింగ్, పెద్దవాళ్ళకి కూడా' అన్న బోర్డు రోజూ కనబడేది.

"గుర్రమా? శారదా, నువ్వు సైకిల్ తొక్కడం నేను చూశాను," అన్నారు మావారు.

"సైకిల్‌కి బుద్ధి ఉండదండీ. గుర్రానికి ఉంటుంది. ఇద్దరిలో ఒకరికి ఉంటే చాలు."

తర్వాత జరిగిందంతా చూస్తే ఆ మాటే నిజమైంది.

ఆ గుర్రాలశాల యజమానురాలు లోర్నా. అరవై దాటినావిడ, బక్కపల్చటి మనిషి, గొంతు మాత్రం పొలం అవతలికి వినబడేది. ఆవిడ ఇంగ్లీషుని నేను మన భాషలోనే చెబుతాను, లేకపోతే 'హనీ' అన్న మాట లెక్కపెట్టలేక మీరు అలిసిపోతారు. నాకు అప్పగించిన గుర్రం పేరు పెప్పర్. పందొమ్మిదేళ్ళ ఆడగుర్రం. తెల్లటి ఒంటి మీద మిరియాలు చల్లినట్టు నల్లచుక్కలు, గుండ్రటి పొట్ట.

"దీనికి మూపు సాపుగా ఉంటుంది," అంది లోర్నా మొదటిరోజే. "మూపు ఎత్తుగా ఉన్న గుర్రం మీద జీను కాస్త తనంతట తనే నిలుస్తుంది. దీని మీద నిలవదు. మనమే సరిగ్గా అమర్చాలి. అర్థమైందా?"

నేను తల ఊపాను. అర్థమైనా కాకపోయినా తల ఊపడంలో మనవాళ్ళని మించినవాళ్ళు లేరు.

లోర్నా జీను వేసే పద్ధతి మా పిన్ని వ్రతం చేసినంత నిష్ఠగా ఉండేది. ముందు వీపంతా బ్రష్ చేయాలి, ఒక్క గడ్డిపరక కూడా మిగలకూడదు. ఆ తర్వాత ప్యాడ్, దాని మీద జీను. జీను ముందుభాగం మూపుకి ఆనుతోందేమో చెయ్యి దూర్చి చూడాలి. చివరికి పొట్టపట్టీ. గుర్రం పొట్ట కిందనుంచి తెచ్చి జీనుకి బిగించే వెడల్పాటి పటకా అది. దాన్ని ఒక్కసారే బిగించరు. కొద్దిగా బిగించి, గుర్రాన్ని నాలుగడుగులు నడిపించి, మళ్ళీ బిగిస్తారు. "చివర్లో పట్టీ కింద రెండు వేళ్ళు పట్టాలి. అంతకన్నా ఎక్కువా వద్దు, తక్కువా వద్దు," అనేది.

నా గుండె కరిగిపోయింది అక్కడే. పట్టీ పొట్టని తాకగానే పెప్పర్ చెవులు వెనక్కి వాల్చేది. ఊపిరి బిగబట్టి పొట్ట ఉబ్బించేది. లోర్నా మాత్రం ఏమీ పట్టనట్టు దాన్ని నడిపించి, వచ్చి ఇంకో రంధ్రం బిగించేది.

ఇక్కడ మగ పాఠకులు ఒక్క నిమిషం ఓపిక పట్టాలి. లంగా బొందు బిగించి కట్టుకుని, పొద్దుటినుంచి సాయంత్రం దాకా పెళ్ళిలో తిరిగి, ఇంటికొచ్చి బొందు విప్పుకున్న ఆడదానికి ఆ సుఖం ముందు స్వర్గం ఎందుకూ పనికిరాదు. నడుం చుట్టూ పడ్డ ఆ నల్లటి చార నా ఒంటి మీద ఇప్పటికీ ఉంది. అలాంటి నేను పెప్పర్ పొట్ట మీద ఆ పటకా చూస్తే ఎలా ఊరుకుంటాను? పెప్పర్ నోరులేని జీవం, దానికి భోజనాలయ్యాక పెరట్లోకి వెళ్ళి బొందు సర్దుకునే వీలు కూడా లేదు.

అందుకని మూడోవారం నుంచి, లోర్నా అటు తిరగగానే పట్టీని ఒక రంధ్రం వదులు చేయడం మొదలుపెట్టాను. ఐదోవారానికి రెండు రంధ్రాలు. పెప్పర్ హాయిగా ఊపిరి వదిలి నా భుజానికి తల రాసేది. అది కృతజ్ఞత అనుకున్నాను. లోర్నా మాత్రం, "జీను పక్కకి పోతోందేమిటి? నువ్వు ఎడమవైపు వాలుతున్నట్టున్నావు," అని నా నడుంని తప్పుపట్టేది. నేను మనసులో నవ్వుకునేదాన్ని.

ఆరోవారం నవ్వు ఆగిపోయింది. పెప్పర్ ముందుకాలి వెనక, పట్టీ ఆనుకునే చోట, రూపాయి బిళ్ళంత మేర వెంట్రుకలు రాలిపోయి చర్మం ఎర్రబడి ఉంది. లోర్నా దాన్ని వేలితో తాకగానే పెప్పర్ ఒళ్ళు జలదరించింది.

"ఇదేమీ బాగాలేదు," అంది లోర్నా. "వారం రోజులు మందు రాసి వదిలేస్తాను. వచ్చే శనివారం ఒక్క పది నిమిషాలు నడిపించి చూద్దాం. మళ్ళీ ఎర్రబడితే ఇక దీని మీద జీను పెట్టను. వయసైంది, పచ్చికలోకి వదిలేస్తాను. నీకు డ్యూక్‌ని ఇస్తాను."

డ్యూక్ మా గరాజ్ తలుపంత ఎత్తుండేది. అప్పటికే ఇద్దరిని కరిచింది. కానీ నా బాధ డ్యూక్ గురించి కాదు. ఆ ఆరువారాల్లో పెప్పర్‌తో నాకు స్నేహం కుదిరింది. ఆఫీసులో, ఇంట్లో ఎవరితోనూ అనని మాటలు దాని చెవిలో చెప్పుకునేదాన్ని, అదీ తెలుగులో. ఇంటికి వస్తూ దారిపొడుగునా ఏడ్చాను.

అప్పుడు మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నారు. సంగతి చెప్పాను.

"పుండు పడిందా? అయ్యో పాపం, ఆ చెక్కలాంటి జీను ఒరుసుకుని ఉంటది," అన్నారావిడ. "దానికెందుకే అంత ఏడుపు? మెత్తటి బొంతొకటి కుట్టి ఏద్దాం. నీ మొగుణ్ణి కన్నప్పుడు నేను పడుకున్నది బొంత మీదే. నాకేమన్నా పుండు పడిందా?"

ఆవిడ తనతో తెచ్చుకున్న పాత నేతచీరలు నాలుగు మడిచి, నాలుగు రోజులు కూర్చుని, ఎర్రంచు బయటికి కనబడేలా బొంత కుట్టారు. తాను దూర సందు లేదు, మెడకో డోలు అంటారు. నిలవడానికే చోటులేని జీనుకి కింద నాలుగు చీరల బొంత తయారైంది.

శనివారం ముగ్గురం కార్‌లో బయల్దేరాం. అత్తగారు బొంత చూసుకోవడానికి, మావారు వీడియో తీయడానికి, నేను పెప్పర్‌ని దక్కించుకోవడానికి. చర్మం ఆరింది. లోర్నా దాన్ని పరీక్షగా చూసి, "సరే, జీను వెయ్యి, పది నిమిషాలే," అని గుర్రాల కాళ్ళకి నాడాలు కొట్టే మనిషి వస్తే అటు వెళ్ళింది. ఇదే అదను అనుకుని ముందు బొంత, దాని మీద ప్యాడ్, ఆ పైన జీను వేశాను. పట్టీ పెట్టాను. పెప్పర్ చెవులు వాల్చింది. ఎర్రబడిన చోటు గుర్తొచ్చి, ఒకటి కాదు, మూడు రంధ్రాలు వదులు చేశాను.

"పట్టీ చెక్ చేశావా?" దూరం నుంచి లోర్నా అరిచింది.

"చేశాను!"

అబద్ధం చెప్పలేదు సుమండీ. చెక్ చేశాను, చేసి వదులు చేశాను. మొదటి సగమే చెప్పాను.

పీట మీద నిలబడి జాగ్రత్తగా ఎక్కి కూర్చున్నాను. మెత్తగా, మా హాల్లో సోఫాలా ఉంది. మావారు కెమెరా పట్టుకుని కంచె దగ్గర నిలబడ్డారు. కంచె మలుపులో, కెమెరాలో పడేలా అత్తగారు, స్వెటర్ మీద చీరకొంగు కప్పుకుని.

"అమ్మాయ్, బొంత కనపట్టంలేదే! అంచు కాస్త బయటికి లాగు. వీడియోలో పడాల."

నాలుగు రోజుల కష్టం ఆవిడది. ఎడమవైపుకి వంగి ఎర్రంచు పట్టుకుని లాగాను. బొంత వచ్చింది. దానితోపాటు ప్యాడ్, జీను, నేను కూడా బయల్దేరాం.

"ఏమండీ, నేను పక్కకి వంగానా?"

"కదలకు. కెమెరా వంకరగా పట్టుకున్నట్టున్నాను, సర్దుతున్నా."

"కెమెరా కాదేమోనండీ."

"ఆఁ, ఇప్పుడు బాగుంది. నిటారుగా వచ్చావు. నవ్వు."

నవ్వాను కూడా. ఏం చేయమంటారు, కెమెరా ముందు అలవాటు.

"ఒరేయ్, కెమెరా కాదురా!" అత్తగారి కేక. "మనిషే జారిపోతంది!"

రికాబులోంచి కాలు ఎలా వచ్చిందో దేవుడికే తెలియాలి. ఎడమ భుజం మీద రంపపుపొట్టులో పడ్డాను. రంపపుపొట్టుతోపాటు అక్కడ ఇంకేముందో మీరు అడగొద్దు, నేను చెప్పను. తలెత్తి చూస్తే జీను పెప్పర్ పొట్ట కింద తలకిందులుగా వేలాడుతోంది. దాని కాళ్ళ మధ్య ఎర్రంచు బొంత.

"ఎవరూ కదలకండి." లోర్నా పరుగెత్తలేదు. నిదానంగా నడుచుకుంటూ వచ్చింది. గొంతు ఎంత తగ్గించిందంటే, ఆవిడకి అలాంటి గొంతు కూడా ఉందని నాకు అప్పుడే తెలిసింది. పెప్పర్ మెడ మీద చెయ్యి వేసి, రెండో చేత్తో పట్టీ విప్పింది. జీను దబ్బున కిందపడింది. పెప్పర్ వణుకుతోంది గానీ కాలు కదపలేదు. ఆ ఒక్క నిమిషం మాత్రం నాకు ఇప్పటికీ నవ్వు రాదు.

"వేరే గుర్రమైతే బెదిరి పరుగెత్తేది," అంది లోర్నా. "ఆ జీను కాళ్ళకి తట్టుకుని కాలు విరిగేది. దానిది గానీ, నీది గానీ. ఇప్పుడు నిజం చెప్పు. ఎన్ని రంధ్రాలు వదులు చేశావు?"

"ఈరోజు మూడు," అన్నాను.

"ఈరోజా? అంటే ముందు కూడానా?"

మొత్తం చెప్పేశాను. చెవులు వాల్చడం, ఊపిరి బిగబట్టడం, నా జాలి, అన్నీ. లోర్నా నా వేలు పట్టుకుని ఆ ఎర్రబడిన చోట పెట్టింది.

"బిగువుగా ఉన్న పట్టీ ఒకచోట కదలకుండా ఉంటుంది. వదులైన పట్టీ అడుగడుక్కీ అటూ ఇటూ రాసుకుంటుంది. ఈ పుండు పడింది నీ జాలి వల్ల, హనీ. అది ఊపిరి బిగబట్టేది నొప్పికి కాదు, పట్టీ వదులుగా పడాలని. ముసలి గుర్రాలన్నిటికీ తెలిసిన దొంగవేషం అది. అందుకే నడిపించి మళ్ళీ బిగించేది. ఇక ఆ బొంతంటావా, బిగువు బూట్లు నొప్పి పెడుతున్నాయని నాలుగు జతల మేజోళ్ళు వేసుకుంటావా?"

పెప్పర్‌ని నొప్పి నుంచి కాపాడుతున్నానని అన్నివారాలు మురిసిపోయిన నేనే దానికి నొప్పి పెట్టానన్నమాట. రంపపుపొట్టు ఒంటికి అతుక్కుని ఉండగానే భోరుమన్నాను.

"ఏమంటందే ఆవిడ?" అత్తగారు కంచె సందులోంచి దూరి వచ్చారు.

వెక్కుతూనే చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు.

"బొందు వదులుగా కట్టుకుని ఎవరన్నా పెళ్ళికెళ్తారటే? ఇన్నేళ్ళు చీర కట్టినదానివి, ఆ మాత్రం తెలీదా? వదులు బొందుతో నాలుగడుగులు ఏస్తే నడుమూ ఒరుసుకుపోద్ది, చీరా ఊడిపోద్ది." అంటూనే ఆవిడ లోర్నా వైపు తిరిగి, తన నడుం దగ్గర బొందులోకి రెండు వేళ్ళు దూర్చి చూపించారు. "రెండంటే రెండే పట్టాల. మూడో ఏలు పట్టిందంటే కుచ్చిళ్ళు ఈదిలో ఉంటయ్."

ఆవిడకి ఇంగ్లీషు రాదు. లోర్నాకి తెలుగు రాదు. లోర్నా ఆ రెండు వేళ్ళ వంక చూసింది. తన రెండు వేళ్ళు పైకెత్తి చూపించింది. ఇద్దరూ కలిసి నా వంక చూశారు. నా జన్మలో అంతగా సిగ్గుపడింది లేదు.

శిక్షగా నెలరోజులు పట్టీలు కడిగాను, జీనులకి నూనె రాశాను. ఆ నెలలో పెప్పర్ పుండు మాని వెంట్రుకలు మొలిచాయి. ఆ తర్వాత దానికి నేనే జీను అమర్చి, నడిపించి, మళ్ళీ బిగిస్తే, లోర్నా తన రెండు వేళ్ళు దూర్చి చూసి, "ఊఁ," అంది. ఇంకో మూడేళ్ళు పెప్పర్ నన్ను మోసింది. బొంత శాలలో పిల్లికి దక్కింది, దాని మీద అది నాలుగు ఈతలు ఈనింది. అత్తగారికి ఆ కబురు చెబితే బొంత సార్థకమైందన్నారు.

వీడియో మాత్రం ఇంకా ఉంది. మావారు కెమెరా సర్దిన పుణ్యాన అందులో నేను చివరిదాకా నిటారుగానే కూర్చుని నవ్వుతుంటాను. గుర్రం, కంచె, మా అత్తగారు, న్యూజెర్సీ రాష్ట్రం మొత్తం మెల్లగా పక్కకి ఒరిగిపోతాయి. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ అది చూపించి, "చూశారా, మా శారద తప్పేమీ లేదు," అంటారాయన.

కాబట్టి మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ప్రాణి నడుం పట్టీనీ దాని ముఖం చూసి, చెవులు చూసి, నిట్టూర్పు విని వదులు చేయను. నా రెండు వేళ్ళు ఏం చెబితే అదే. ఒట్టు మావారి మీద వేద్దామంటే ఆయనకి ఏది వంకరో ఏది తిన్ననో తెలియదు. నా మీదే వేసుకుందామంటే నేను జారిపోయే మనిషిని. అందుకే పెప్పర్ మీద ఒట్టు. ఆ రోజు నిలకడగా నిలబడింది అదొక్కటే.