వంటింటి వెనక తలుపు

నిజామాబాద్‌లో సిస్టర్ల ఆడపిల్లల కాలేజీ ఉన్న వీధిలో ఎవరికీ గడియారం అక్కర్లేదనేవారు. తొమ్మిదిన్నరకు జ్ఞానమ్మ గంట కొడుతుంది, అంతే. ఎదురుగా ఉన్న సైకిలు షాపతను ఆ గంట విన్నాకే తలుపులు తీసేవాడు. ఒకసారి రేడియోలో చెప్పిన సమయానికీ ఆమె గంటకీ రెండు నిమిషాల తేడా వస్తే, వీధి వీధంతా రేడియోనే తప్పుపట్టింది.

ఇంతా చేసి ఆవిడకు అక్షరం ముక్క రాదు. పుట్టింది గోదావరి దిక్కు మెండోరలో. పెనిమిటి మోషే రైలుస్టేషన్‌లో బస్తాలు మోసేవాడు. మూడు రోజుల జ్వరంతో పోయాడు. అప్పటికి ఆమెకు ముప్ఫై ఏళ్లు, పిల్లల్లేరు. వాళ్లది మెథడిస్టు కుటుంబం, కాలేజీ కతోలిక సిస్టర్లది. ఆమె అక్కడ ఆయాగా చేరుతుందని తెలిసి చర్చిలో నలుగురు మూతి విరిచారు. "ఊడ్సే చీపురుకు ఏ చర్చైతే ఏంది?" అని వాళ్ల నోరు మూయించి పనిలో చేరింది.

అప్పటి ప్రిన్సిపాల్ మదర్ ఆమెకు గడియారం చూడటం నేర్పింది. వరండాలో వేలాడే రైలుపట్టా ముక్కనూ, దాన్ని కొట్టే ఇనుప కడ్డీనీ ఆమెకు అప్పగించింది. గేటు పక్క గది కూడా ఇచ్చింది. గంట కొట్టడం, గేటుకు గొళ్లెం పెట్టడం, రెండూ జ్ఞానమ్మ పనే. గంట తరువాత వచ్చిన పిల్ల ఎంత ఏడ్చినా ఇంటికి పోవాల్సిందే. ఆ రూలంటే ఆమెకు కాస్త గర్వం కూడా ఉండేదని ఒప్పుకోవాలి. పెద్దింటి పిల్లల్ని వెనక్కి పంపినప్పుడు ఆ గర్వం ఇంకో పిసరు పెరిగేది.

అలాంటి మనిషి 1974 చలికాలానికి రెండో ఏడాదిగా దొంగతనం చేస్తోంది. ఎవరి సొమ్మూ కాదు. పిల్లల్ని దొంగచాటుగా లోపలికి దాటిస్తోంది.

అదెలా మొదలైందంటే, బోధన్ వైపు దసరా పోయాక చెరకు బళ్లు రోడ్డెక్కుతాయి. అక్కడి చక్కెర ఫ్యాక్టరీలో గానుగ ఆడినన్నాళ్లూ ఆ రోడ్డు ఎద్దులదే. మామూలు రోజుల్లో తొమ్మిదికి నిజామాబాద్ చేరే బస్సు ఆ నాలుగైదు నెలలూ పదికి వస్తుంది, పదింబావుకు వస్తుంది, ఒక్కోరోజు ఎప్పుడొస్తుందో డ్రైవరుకే తెలియదు. అంతకు ముందు బస్సు ఉంది గానీ, అది తెల్లవారకముందే బోధన్‌లో బయల్దేరుతుంది. పల్లెల్లోని ఆడపిల్లలకు అది అందదు.

మొదటి ఏడాది ఒకరోజు శివపార్వతి అనే పిల్ల మూసిన గేటు పట్టుకుని నిలబడింది. చందూరు దగ్గర కాలువ కింద పొలం కొనుక్కుని కోస్తా నుంచి వచ్చిన రామకోటేశ్వరరావు గారి కూతురు. అప్పటికి నాలుగుసార్లు వెనక్కి వెళ్లింది.

"జ్ఞానమ్మక్కా, ఇంకొక్కసారి గేటు దగ్గర్నుంచి తిరిగొస్తే చదువు మానిపిస్తానన్నారు మా నాన్న. ఆయన అన్నారంటే అన్నంత పనీ చేస్తారు," అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే జ్ఞానమ్మకు అలవాటే, తలుపు వేసేసి ఉండేది. ఆ పిల్ల మాత్రం పుస్తకాలు గుండెలకు అదుముకుని, ఇంటికెళ్లే బస్సు ఎన్నింటికని అడిగింది.

జ్ఞానమ్మ అటూ ఇటూ చూసింది. "ఎన్కకెళ్లి సుట్టు తిరిగి రా. వంటింటి తలుపు తీస్త. సప్పుడు చెయ్యకు," అంది.

అలా ఒక్కతెతో మొదలై పదకొండు మందయ్యారు. కాలేజీ వెనక కంపకంచె, కంచెలో ఓ సందు, సందు దాటితే హాస్టల్ వంటింటి తలుపు. మొదటి పీరియడు అయ్యేదాకా పిల్లలు బియ్యం బస్తాల మీద కూర్చుని చదువుకునేవారు. రెండో గంట కొట్టగానే వరండాలో గుంపులో కలిసిపోయేవారు. "గిది వంటిల్లా, క్లాసు రూమా?" అని వంటమనిషి భీమవ్వ రోజూ సణిగేది. సణుగుతూనే తలో గ్లాసు చాయ్ పోసేది.

1974 జూన్‌లో కొత్త ప్రిన్సిపాల్ వచ్చింది. మదర్ ఆగ్నేస్, గుంటూరు వైపు మనిషి. సన్నగా, చురుగ్గా ఉంటుంది, నడిస్తే చేతిలోని జపమాల వెనకబడేది. కాలేజీలో ఉన్నది ఎనభైమూడు మంది పిల్లలు. ఐదేళ్లలో రెండువందలు కావాలని ఆవిడ పట్టుదల. పిల్లలు పెరగకపోతే డిగ్రీ క్లాసులు నిలిచేలా లేవు. డిసెంబరు మొదట్లో ఒక శనివారం మధ్యాహ్నం అందర్నీ పెద్ద హాల్లో కూర్చోబెట్టింది. అందర్నీ అంటే లెక్చరర్లనే కాదు, భీమవ్వను, తోటమాలి రాజలింగును, జ్ఞానమ్మను కూడా. కాలేజీకి ఏం కావాలో తలా ఒకటి చెప్పాలని పెట్టింది.

"ముందు నా మాట చెబుతాను," అంది మదర్. "వచ్చే నెల నుంచి చుట్టూ ఇటుక గోడ. వెనక ఆ కంప, ఆ సందు ఉండకూడదు. పిల్లల్ని హాస్టల్లో చేర్చాలంటే తల్లిదండ్రులు మొదట చూసేది గోడే. ముందు ఒక్కటే గేటు."

లెక్చరర్లు చప్పట్లు కొట్టారు. ఈమెకు తెలిసిపోయింది, తెలిసే గోడ కడుతోంది అనుకుంది జ్ఞానమ్మ. పాపం, మదర్‌కు ఏమీ తెలియదు.

ఒక్కొక్కరు చెబుతున్నారు. ఒకరు బీరువా అన్నారు, ఒకరు బెంచీలన్నారు. రాజలింగు తోటకు రబ్బరు పైపు అడిగాడు. ఆర్థికశాస్త్రం చెప్పే ఇందిరాదేవి, "పిల్లలకు శ్రద్ధ కావాలి మదర్, నా మొదటి పీరియడులో బెంచీలు ఖాళీ," అంది. ఇవేవీ జ్ఞానమ్మ చెవికెక్కడం లేదు. నోరు మూసుకుంటే గోడ లేస్తుంది, పదకొండు మందీ ఒక్కొక్కరే ఇంటికి పోతారు, మొదట పోయేది శివపార్వతి. నోరు తెరిస్తే గంట పోతుంది, గేటు పోతుంది, తలదాచుకునే గదీ పోతుంది. మెండోరలో ఆమెకోసం ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరు.

"జ్ఞానమ్మా, నువ్వు చెప్పమ్మా."

లేచి నిలబడింది. "గోడ కట్టుండ్రి మదరమ్మా. కానీ గా వంటింటెన్క తోవ మూయకుండ్రి."

"ఎందుకని?"

చెప్పేసింది. ఎద్దుబళ్లు, బస్సు, బియ్యం బస్తాలు, అన్నీ. భీమవ్వ తల దించుకుంది. చాయ్ సంగతి మాత్రం జ్ఞానమ్మ చెప్పలేదు, ఆమెనెందుకు ఇరికించాలని.

"ఎంతమంది?" అంది మదర్.

"పదకొండు మంది."

"నేనొచ్చినప్పటి నుంచీనా?"

"నిరుటి సంది. తప్పు నాదే. పిల్లలనేమనకుండ్రి."

మదర్ మొహంలో ఏమీ కనిపించలేదు. "సోమవారం పొద్దున మొదటి బస్సుకు నువ్వూ నేనూ బోధన్ వెళ్తున్నాం," అని కాగితాలు మడిచింది.

ఆదివారం జ్ఞానమ్మకు చర్చిలో పాస్టరు చెప్పిన ఒక్క ముక్కా తలకెక్కలేదు. సాయంత్రం ట్రంకుపెట్టెలో బట్టలు సర్దుకుంది. ఉన్నవి నాలుగు చీరలే కనుక ఆ పనీ తొందరగానే అయిపోయింది. పోతూ పోతూ మాట పడకూడదని ఇనుప కడ్డీ రాజలింగు చేతికిచ్చి, "రేపు గంట నువ్వే కొట్టు. కొట్టినంక గేటు తియ్యకు. కలెక్టరొచ్చినా తియ్యకు," అని గట్టిగా చెప్పింది.

సోమవారం ఎనిమిదికి బోధన్‌లో పిల్లలతో పాటు మదర్ కూడా బస్సెక్కేసరికి ఆ పదకొండు మందికీ పై ప్రాణాలు పైనే పోయాయి. ఊరు దాటగానే ఎదురుగా చెరకు బళ్లు. ఒకటి వెనక ఒకటి, ఎడపల్లి దాకా తెగని వరుస. బస్సు రోడ్డు దిగడం, ఎక్కడం, ఆగడం. ఎడపల్లి దగ్గర ఒక బండి ఇరుసు విరిగి చెరకంతా రోడ్డుకడ్డంగా పడి ఉంది. బండివాడు ఎద్దుల్ని తిడుతున్నాడు, డ్రైవరు బండివాణ్ణి తిడుతున్నాడు. ఆడపిల్లలు మాత్రం ఇది రోజూ ఉండేదే అన్నట్టు పుస్తకాలు తెరిచి చదువుకుంటున్నారు. కూర్చునే చోటు లేక శివపార్వతి కడ్డీ పట్టుకుని నిలబడే చదువుతోంది. మదర్ ఆ పిల్లనే చూస్తూ కూర్చుంది.

కాలేజీ చేరేసరికి పదీ ఇరవై. గేటు మూసి ఉంది.

"రాజలింగూ, తలుపు తీయి," అంది మదర్.

రాజలింగు గొళ్లెం మీద చెయ్యి వేయలేదు. "గంటైపోయింది మదరమ్మా. కలెక్టరొచ్చినా తియ్యద్దని జ్ఞానమ్మక్క జెప్పింది."

"ఓరి పిచ్చోడా! మదరమ్మకు గుడనారా?" అని జ్ఞానమ్మ నెత్తి కొట్టుకుంది.

"నువ్వు మదరమ్మ పేరు చెప్పలేదక్కా, కలెక్టరనే అన్నవు. రూలు రూలే గద."

మదర్ గేటు వైపు చూసింది, పిల్లల వైపు చూసింది. ఎండలో ఆవిడ మొహం ఎర్రబడింది. తర్వాత, రెండు గంటల బస్సు ప్రయాణంలో ఒక్కసారీ కదలని పెదవులు కదిలాయి. జ్ఞానమ్మ వైపు తిరిగి, "నీ తలుపు ఎటువైపమ్మా?" అంది.

కంప సందులోంచి మదర్ అంగీ అంచు సర్దుకుంటూ దూరింది. వెనక పదకొండు మంది. వంటింటి గుమ్మంలో మదర్‌ను చూసి భీమవ్వ చేతిలో గరిటె కింద పడేసింది. మదర్ వెళ్లి బియ్యం బస్తా మీద కూర్చుంది.

"వీళ్లందరికీ రోజూ చాయ్ ఇస్తావు కదా? నాకూ ఓ గ్లాసు పోయమ్మా," అంది. వంటింటి అరుగు మీద కడిగి బోర్లించిన పదకొండు గ్లాసులు ఆవిడ కంట పడ్డాయి మరి.

సగం గ్లాసు తాగాక అంది. "జ్ఞానమ్మా, చెరకు అయిపోయేదాకా గంట పదిన్నరకు కొట్టు. మధ్యాహ్నం కొంత, సాయంత్రం కొంత సర్దుకుందాం. ఇందిరాదేవిగారు పోయిన పాఠాలు శనివారాలు చెబుతారు. రెండువందల మంది పిల్లల్ని ఎక్కడి నుంచి తేవాలా అని ఆర్నెల్లుగా కాగితాలు నింపుతున్నాను. ఉన్నవాళ్లే గేటు బయట నిలబడ్డారని నాకెవరూ చెప్పలేదు."

జ్ఞానమ్మకు ఆ మాటలన్నీ వినబడలేదు. "నన్ను తీసేస్తరా మదరమ్మా?"

"తీసేస్తే పదిన్నర గంట ఎవరు కొడతారు? ఈ రాజలింగా?" అంది మదర్. "కానీ ఇంకెప్పుడూ నా దగ్గర దాచకు. రూలు తప్పనిపిస్తే నా గదికొచ్చి చెప్పు. గోడ ఎలాగూ లేస్తుంది. ఇక్కడో తలుపు పెట్టిస్తాను, కూరగాయల బండి కోసం. తాళం నీ దగ్గరే ఉంటుంది."

జ్ఞానమ్మ గోడకానుకుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. శివపార్వతి వచ్చి చెయ్యి పట్టుకుంది. ఆ పూట ట్రంకుపెట్టెలోంచి నాలుగు చీరలూ మళ్లీ దండెం మీదికెక్కాయి.

మర్నాడు తొమ్మిదిన్నర అయింది. అలవాటు కొద్దీ కడ్డీ పట్టుకుని పట్టాముక్క దగ్గరికెళ్లి, జ్ఞానమ్మ ఆగిపోయింది. చెయ్యి ఒకటే దురద. ఎదురు షాపతను తాళాలు పట్టుకుని అరిచాడు. "జ్ఞానమ్మా, గంట మర్చిపోయినవా?"

"నేను మరువలె. నువ్వే నీ షాపు టైము మార్సుకో!"

పదీ పావుకు బస్సు దిగిన పిల్లలు వీధి మలుపులో కనబడ్డారు. ఆ గుంపులోంచి శివపార్వతి పాత అలవాటున తల వంచుకుని, కంచె పక్కన సందులోకి మళ్లింది. జ్ఞానమ్మ గేటు రెండు రెక్కలూ బార్లా తీసి రోడ్డు మీదికొచ్చి, వీధంతా వినబడేలా కేకేసింది.

"ఎన్కకెందుకు పోతున్నవ్ బిడ్డా? ముందటికెళ్లి రా!"